బూడిదరంగు వైరు

పోయిన వారం సూపరింటెండెంట్ గారిని వానలో, సొంత గుమ్మం ముందు, కాలింగ్ బెల్ మీద వేలు పెట్టి ఉండగా వదిలేసి వచ్చాం. ఆ వేలు చాలాసేపు అక్కడే ఉంది. లోపల లైటు వెలుగుతోంది. కుట్టుమిషను చప్పుడు బయటికి వినిపిస్తోంది. అంటే భార్య ఇంట్లోనే ఉంది, కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి. అయినా తలుపు తెరుచుకోలేదు. చివరికి పక్కింటాయన జాలిపడి, తన పెరట్లో స్టూలు వేసి, ఆయన్ని గోడ మీదికి ఎక్కించి, వెనకాలే స్టూలు అందించి అవతలికి దింపాడు. ఆఫీసులో అడుగుపెడితే సెక్షను సెక్షనంతా కుర్చీల్లోంచి లేచే మనిషి సొంతింట్లోకి దొంగలా దూకి, మోకాలు గీరుకుపోయి, నీళ్ళు ఓడుతూ హాల్లోకి వస్తే, భార్య మిషను మీంచి తలెత్తి "అయ్యో, ఎప్పుడొచ్చారు?" అంది.

ఆవిడ అంత సహజంగా నటించగలదని ఆయన అనుకోలేదు.

ఇది సమ్మె అని ఆయన అక్కడికక్కడే తేల్చేశారు. కారణం కోసం దూరం పోనక్కర్లేదు. అంతకు రెండు రోజుల ముందు మేనేజరు దంపతులు టీకి వచ్చారు. హాల్లో, కుట్టుమిషనుకు ఎదురుగా, కూతురి కంప్యూటర్ ఉంది. ఆ అమ్మాయి కార్టూన్ల కంపెనీలో బొమ్మల్ని నడిపించే ఉద్యోగం చేస్తుంది. తన జీతంతో విడిభాగాలు కొని తనే బిగించుకున్న కంప్యూటర్ అది. ఒక పక్క అద్దం. అద్దం వెనక నీలం దీపాల పట్టీ. అవి నెమ్మదిగా వెలుగుతూ, నెమ్మదిగా తగ్గుతూ, నిద్రపోతున్న మనిషి గుండెలు లేచి పడుతున్నట్టు ఉండేవి. మేనేజరుగారు టీ చప్పరిస్తూ దానివైపు చూసి "ఏంటండీ, ఇంట్లో సర్కస్ పెట్టారా?" అన్నారు. అందరూ నవ్వారు. సూపరింటెండెంట్ గారు అందరికంటే ఎక్కువ నవ్వారు. వాళ్ళు గేటు దాటగానే అద్దం తెరిచి, దీపాలు నడిపించే అగ్గిపెట్టెంత బోర్డుని వైర్లు తెగేలా పీకి చెత్తబుట్టలో వేశారు. అమ్మాయి గొడవ చెయ్యలేదు. తల్లివైపు ఒకసారి చూసింది. బ్యాగు తీసుకుని స్నేహితురాలి గదికి వెళ్ళిపోయింది. ఆదివారం సాయంత్రం వ్యాను తీసుకొచ్చి నా సామాను పట్టుకెళ్తానని ఫోను చేసింది.

ఇవాళ ఆ ఆదివారం.

సమ్మె మొదలైనప్పటి నుంచి ఆయన కూడా భార్యతో మాటలు బంద్ చేశారు. చెప్పాల్సినవి కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తున్నారు. ఇది ఆయనకు కొత్త కాదు. "గీజరు వాడినవారు ఆపివేయవలెను", "టీవీ శబ్దము పక్క గదిలోకి రాకుండ చూడవలెను" లాంటివి ఆ ఇంటి గోడలకు అలవాటే. కూతురూ, బావమరిదీ ఆయన్ని వెనకాల 'సర్క్యులర్' అని పిలుచుకుంటారు. విచిత్రం ఏమిటంటే, నోటిమాట మానేశాక ఇంట్లో పనులు చకచకా జరుగుతున్నాయి. "నీలం చొక్కా ఇస్త్రీ" అని అంటిస్తే తెల్లారేసరికి నీలం చొక్కా ఇస్త్రీ అయి కుర్చీమీద ఉంటోంది. నోటితో చెప్పిన రోజుల్లో పచ్చచొక్కా వచ్చేది, లేకపోతే ఏదీ వచ్చేది కాదు. భయం పెట్టాల్సిన చోట పెడితే ఇల్లయినా ఆఫీసయినా ఒకటేనని ఆయన సంతోషించారు.

కానీ ఆ సంతోషం భోజనాల దగ్గర నిలబడటం లేదు. కూతురి కుర్చీ ఖాళీ. ఎదురుగా కంప్యూటర్ అద్దం వెనక చీకటి. సాయంత్రాలు ఆ చీకటి ఆయన్నే చూస్తున్నట్టుంది. పశ్చాత్తాపం అనే మాట ఆయన వాడరు. ఆఫీసు భాషలో దాన్ని 'పునఃపరిశీలన' అంటారు. పునఃపరిశీలించగా ఆయనకు తేలింది ఏమిటంటే, అమ్మాయి గుమ్మంలో అడుగుపెట్టే సమయానికి ఆ దీపాలు మళ్ళీ వెలుగుతూ ఉండాలి. అప్పుడు 'నాన్నదే తప్పు' అని ఎవరూ ఎవరితోనూ అనక్కర్లేకుండా వ్యవహారం పరిష్కారమైపోతుంది. మాట నోట్లోంచి రాకుండా క్షమాపణ చెప్పే మార్గం దొరికితే ఆయన లాంటివాళ్ళు విద్యుత్ శాస్త్రం కూడా నేర్చుకుంటారు.

నేర్చుకుంటున్నారు. డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి, ఎలక్ట్రానిక్స్ షాపులో కొన్న సామాను వరసగా పెట్టారు. ఎనిమిది కాళ్ళ నల్ల చిప్పు ఒకటి, చారల రెసిస్టర్లు, గొట్టంలాంటి కెపాసిటర్లు, మూడు కాళ్ళ ట్రాన్సిస్టర్, వాటితోపాటు షాపువాడు ఇచ్చిన డయాగ్రమ్ కాగితం. సోల్డరింగ్ ఐరన్ మాత్రం బావమరిది తెచ్చాడు.

బావమరిదిది నీళ్ళ సరఫరా ఆఫీసులో వాల్వులు తిప్పించే ఉద్యోగం. అందుకే అందరూ అతన్ని 'వాల్వు' అంటారు. ఇంకో కారణం కూడా ఉంది. అతని నోట్లో మాట నిలవదు. ఎవరైనా ఏదైనా రహస్యం చెబితే సాయంత్రానికి వీధి చివర దాకా సరఫరా అయిపోతుంది.

"బావా, ఇదంతా మన నీళ్ళ ట్యాంకే," అన్నాడు వాల్వు, కెపాసిటర్ని రెండు వేళ్ళతో పట్టుకుని. "ఇది ట్యాంకు. ఈ రెసిస్టర్ సన్న పైపు. నీళ్ళు మెల్లగా నిండుతాయి, దీపం మెల్లగా వెలుగుతుంది. నిండగానే ఈ ఎనిమిది కాళ్ళోడు కింద వాల్వు తిప్పుతాడు. ఖాళీ అవుతుంది, దీపం తగ్గుతుంది. మళ్ళీ మూస్తాడు. మళ్ళీ నిండుతుంది. అంతే. పైపు లావు చేశావనుకో, గబగబా నిండుతుంది, గబగబా ఖాళీ అవుతుంది, దీపాలు దడదడలాడతాయి."

"అంత తెలిసినవాడివి మా వీధికి నీళ్ళెందుకు రావురా?"

"అది పై ఆఫీసరు వాల్వు బావా. నా చేతిలో లేదు."

ఆయన సోల్డరింగ్ ఐరన్‌ని కలంలా పట్టుకుని, మొదటి కాలు అతికించారు. పొగ వచ్చింది. రెండో కాలికి కళ్ళజోడు మీద మచ్చ పడింది. కెపాసిటర్‌కి ఒకవైపు తెల్లచార ఉంటుందనీ, అది కిందివైపు ఉండాలనీ వాల్వు చెప్పాడు. తనకి చెప్పేవాడు పుట్టలేదన్నట్టు ఆయన దాన్ని పైకి పెట్టారు. కరెంటు ఇవ్వగానే అది ఉబ్బి, టప్‌మని పేలింది. ఇద్దరూ టేబుల్ కిందికి దూరారు.

కాసేపటికి టేబుల్ కింద నుంచే వాల్వు అన్నాడు: "బావా, ఇంకోటి ఉందా?"

"రెండు కొన్నా."

"అంటే పేలుద్దని ముందే తెలుసా?"

"ఆఫీసులో ఏదైనా రెండు కాపీలు ఉండాలి. పద, లే."

భార్య అప్పుడు ఇంట్లో లేదు. పొద్దున్నే కుట్టిన బట్టలన్నీ మూటకట్టి ఎవరివి వాళ్ళకు ఇచ్చి రావడానికి వెళ్ళింది. ఇంకా కత్తెర పడని గుడ్డలు కూడా తీసుకెళ్ళింది. ఆదివారం పూట అన్నిళ్ళూ ఒకేసారి తిరగాల్సినంత తొందర ఏమొచ్చిందో ఆయనకు అర్థం కాలేదు. అడుగుదామంటే మాటలు బంద్. ఫ్రిజ్ మీద రాద్దామంటే, ప్రశ్నలు రాయడం సర్క్యులర్ సంప్రదాయం కాదు.

బోర్డు తయారైంది. చూడటానికి ఎవరో తొక్కిన తేనెటీగలా ఉంది కానీ, తయారైంది. ఇక దాన్ని కంప్యూటర్ పెట్టెలో బిగించాలి. అద్దం తెరిచి, తను ఆ రోజు పీకిన వైర్ల కొసలు లెక్కచూసుకున్నారు. పసుపూ, నలుపూ కరెంటువి. ఎరుపూ, నీలం దీపాల పట్టీవి. డయాగ్రమ్‌లో కూడా అవే ఉన్నాయి. ఆయన ఒక్కొక్కదానికీ ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టారు.

ఒకటి మిగిలింది.

బూడిదరంగు వైరు. జంట తీగలది. పెట్టె వెనక చిన్న కన్నంలోంచి బయటికి వెళ్తోంది.

"ఇదేంట్రా?"

వాల్వు దాన్ని చూసి వెంటనే కిటికీలోంచి బయటికి చూశాడు. "అది... ఎర్త్ వైరు బావా."

"రెండు తీగలున్నాయి."

"డబుల్ ఎర్త్."

"కాగితంలో లేదు."

"కాగితంలో అన్నీ ఉంటాయా బావా? మీ ఆఫీసులో ఎంతమంది ఉన్నారు, కాగితంలో ఎంతమంది ఉన్నారు?"

"కాగితంలో లేని వైరు నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఆ కటింగ్ ప్లయర్ ఇటివ్వు."

వాల్వు ప్లయర్ ఇవ్వలేదు. దాన్ని వీపు వెనక దాచుకున్నాడు. ఇన్నేళ్ళలో బావగారికి ఎదురు చెప్పనివాడు, అప్పు అడిగినప్పుడు కూడా నేల చూసి మాట్లాడేవాడు, ఇవాళ నేరుగా కళ్ళలోకి చూసి "దాన్ని కొయ్యొద్దు బావా" అన్నాడు.

సూపరింటెండెంట్ గారు ఆ మాట విని ఆగారు. తర్వాత వంగి వైరు మీద వేలు పెట్టారు. వేలితో దాన్ని తడుముకుంటూ కదిలారు. పెట్టె వెనక నుంచి గోడ అంచు దాకా వచ్చింది. అక్కడి నుంచి కర్టెన్ వెనక్కి. ఎవరో చాలా ఓపికగా, గోడ రంగు కాగితం ముక్కలు అంటిస్తూ, కనబడకుండా దాన్ని నడిపించారు. సోఫా కిందికి దూరింది. ఆయనా దూరారు. చెప్పుల స్టాండు వెనకగా వెళ్ళింది. ఆయన మోకాళ్ళ మీద వెళ్ళారు, అందులో ఒకటి గీరుకున్న మోకాలు. తలుపు చట్రం వెంట పైకి ఎక్కింది. ఆయన లేచి నిలబడ్డారు. వైరు చట్రానికి చేసిన సన్న రంధ్రంలోంచి బయటికి పోయింది. తలుపు తీసి చూశారు.

అది కాలింగ్ బెల్ మీట లోపలికి వెళ్ళి ఆగింది.

పోయిన వారం వానలో తను వేలు పెట్టి నిలబడ్డ మీట అదే.

ఆయన దానివైపే చూస్తూ అడిగారు. "బెల్లు మోగితే దీపాలకేంట్రా పని?"

వాల్వు ప్లయర్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నిన్నేరా."

"పైపు లావవుద్ది బావా," అన్నాడు వాల్వు, బాగా నెమ్మదిగా. "బెల్లు నొక్కితే ఆ వైరు ఇంకో రెసిస్టర్ని కలుపుద్ది. ట్యాంకు గబగబా నిండుద్ది. దీపాలు దడదడలాడతాయి. అక్క మిషను మీంచి చూస్తది. లేచి తలుపు తీస్తది."

"చూసెందుకు తియ్యాలి? వినబడదా?"

అడిగేశారు. అడిగిన మాట తిరిగి ఆయన చెవిలోనే పడింది. వాల్వు ముఖం చూస్తే ఇక జవాబు అక్కర్లేకపోయింది.

"ఎప్పటి నుంచి?"

"రెండేళ్ళవుద్ది. ముందు ఒక చెవే. ఇప్పుడు రెండోది కూడా బాగా తగ్గింది. దగ్గరగా, మొహం చూస్తూ మాట్లాడితే పట్టుకుంటది. వెనక నుంచి పిలిస్తే అందదు. మీ అమ్మాయే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మిషను పెట్టించుకోమన్నారు చెవికి. అక్క వద్దంది. ఇంట్లో తెలుస్తదని వద్దంది. అందుకే చిట్టితల్లి ఈ దీపాలు పెట్టింది. చూసేవాళ్ళకి సోకు, అక్కకి చెవి."

సూపరింటెండెంట్ గారు చెప్పుల స్టాండు మీద కూర్చున్నారు. అది మనుషులు కూర్చోడానికి చేసింది కాదు. కిర్రుమంది. ఆయన పట్టించుకోలేదు.

ఆఫీసులో క్యాంటీన్ దగ్గర ఆయన ఎప్పుడూ చెప్పుకునే మాట ఒకటుంది. "మా ఆవిడ నేను మాట్లాడుతుంటే మధ్యలో ఒక్క ముక్క అడ్డు చెప్పదు. అలా మొహంలోకి చూస్తూ వింటుంది. అదీ పెంపకం అంటే." మిగతావాళ్ళు అసూయపడేవాళ్ళు. టీవీ శబ్దం గురించి సర్క్యులర్ వేశాక ఆవిడ శబ్దం మొత్తం కట్టేసి బొమ్మ మాత్రమే చూసేది. ఆజ్ఞాపాలన అంటే అదని ఆయన మేనేజరుకి కూడా చెప్పారు. ఇవన్నీ ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి వచ్చి, ఆఫీసులో అర్జీదారుల్లా ఆయన ముందు వరసకట్టాయి.

"నాకెందుకు చెప్పలేదు? నేనేమన్నా పరాయివాణ్ణా?"

వాల్వు గోడకి ఆనుకున్నాడు. "చెప్పమంటావా బావా?"

"చెప్పు."

"రికార్డు రూం పెద్దాయన."

అంతే అన్నాడు. అది చాలింది.

ఆఫీసు రికార్డు రూంలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఏది చెప్పినా చెవి దగ్గర చెయ్యి పెట్టి, నోరు తెరిచి, మెడ సాచి, "ఆఁ? ఏమన్నారు?" అనేవాడు. సూపరింటెండెంట్ గారికి అనుకరణ బాగా వచ్చు. ఆయనకు వచ్చిన ఒకే ఒక్క కళ అది. రాత్రి భోజనాల దగ్గర ఆ మెడ, ఆ నోరు, ఆ "ఆఁ?" అచ్చు దింపేవారు. ఇంటికి చుట్టాలు వస్తే అన్నం పళ్ళేల ముందే "బావా, ఆ పెద్దాయనది ఒక్కసారి!" అని అడిగి చేయించుకునేవాళ్ళు. ఎక్కువగా అడిగేది వాల్వే. నవ్వి నవ్వి పొలమారి నీళ్ళు తాగేది కూడా వాల్వే. పెద్దాయన రిటైరైపోయినా ఆ ఐటమ్ రిటైరవలేదు.

"డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రోజు కూడా చేశావు బావా. గుర్తుందో లేదో. మా పెద్దమ్మ వాళ్ళు వచ్చారు. నేనే అడిగా చెయ్యమని. అప్పటికి నాకూ తెలియదు. అక్క కూడా నవ్వింది. అందరితోపాటు చివరిదాకా నవ్వింది. తర్వాత వంటింట్లోకి వెళ్తే, గిన్నెలు తోముతూ చెప్పింది నాకు. 'మీ బావకి ఇంట్లోనే ఇంకో ఐటమ్ దొరికిందిరా. చెప్పకు' అంది." వాల్వు ముక్కు తుడుచుకున్నాడు. "నా జన్మలో నేను దాచిన రహస్యం ఇదొక్కటే. ఎందుకు దాచానో తెలుసా? నీకు భయపడి కాదు. నవ్వింది నేను కూడా గనక."

ఇద్దరూ కాసేపు ఒకరివైపు ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే ఆ నవ్వు గుర్తొస్తుంది.

తర్వాత సూపరింటెండెంట్ గారు లేచారు. డయాగ్రమ్ కాగితం తీసుకుని, అందులో లేని గీత ఒకటి ఎర్ర పెన్నుతో గీశారు. షాపువాడు గీయనిది, ఆయన అనుమతి లేకుండా రెండేళ్ళు ఆ ఇంట్లో నడిచినది. దాన్ని ఎక్కడ కలపాలో వాల్వు చూపించాడు. ఈసారి చెప్పినట్టే కలిపారు. సోల్డరింగ్ ఐరన్ వేలికి తగిలింది. ఆయన అరవలేదు, తనకి ఆ మాత్రం తగలాలి అన్నట్టు వేలు చూసుకున్నారు.

కంప్యూటర్ మీట నొక్కారు. అద్దం వెనక నీలంగా వెలుగు పుట్టింది, పెరిగింది, నిండింది, తగ్గింది. మళ్ళీ పుట్టింది.

"వచ్చేసింది బావా!" అని వాల్వు గంతు వెయ్యబోయి, సందర్భం గుర్తొచ్చి ఆగిపోయాడు.

తీసి ఉన్న వీధి తలుపు గుండా భార్య వచ్చి, గడియ పెట్టింది. చేతిలో ఖాళీ సంచి ఉంది. హాల్లోకి వస్తూనే దీపాల్ని చూసి నిలబడిపోయింది. తమ్ముడివైపు చూసింది. వాడు పైకప్పు చూస్తున్నాడు. భర్తవైపు చూసింది. ఆయన చేతిలో ఐరన్, కళ్ళజోడు మీద మచ్చ, షర్టు జేబుకి సాలెగూడు, అదీ సోఫా కిందిది. ఆవిడ వెళ్ళి మిషను ముందు కూర్చుంది. కుట్టడానికి ఏమీ లేదు. ఊరికే చక్రం మీద చెయ్యి వేసి అద్దంవైపు చూస్తూ కూర్చుంది.

ఆయన ఆవిడ వెనక నిలబడ్డారు. జుట్టుముడి కొంచెం జారి ఉంది. మెడ మీద కొలతల టేపు ఇంకా వేలాడుతోంది, తీయడం మర్చిపోయినట్టుంది. ఆయన గొంతు సవరించుకున్నారు. జీవితంలో ఆ వాక్యం ఆయన ఎవరితోనూ అనలేదు. ఆఫీసులో దానికి నమూనా కూడా లేదు. "పొరపాటు జరిగినట్లు గమనించడమైనది" అని ఉంది కానీ, అందులో ఎవరు చేశారో ఉండదు.

"తప్పు నాదే," అన్నారు.

బాగానే వచ్చింది. స్పష్టంగా, మరీ గట్టిగా కాకుండా, మరీ నెమ్మదిగా కాకుండా.

ఆవిడ కదల్లేదు.

ఆయన జవాబు కోసం ఎదురుచూశారు. కోపమేమో అనుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది. జీవితంలో మొదటిసారి చెప్పిన క్షమాపణని ఆయన ఒక వీపుకి చెప్పారు. ఇన్నేళ్ళుగా చెప్పిన ఎన్ని మాటలు ఇలాగే ఈ వీపు దాకా వచ్చి ఆగిపోయాయో! 'ఒంట్లో బాగుందా' అని ఎప్పుడైనా అడిగి ఉంటే అది కూడా ఇలాగే పోయి ఉంటుంది. అడిగి ఉంటే.

ఎదురుగా వెళ్ళి చెప్పాలి. రెండడుగులే. కానీ ఎదురుగా వెళ్తే ఆవిడ కళ్ళు ఉంటాయి.

బెల్లు మోగింది.

అద్దం వెనక వెలుగు ఒక్కసారి పరుగందుకుంది. దడదడదడమని కొట్టుకుంది. ఆవిడ వెంటనే లేచింది. లేస్తూ వెనక్కి తిరిగింది. భర్త తలుపువైపు చూడటం లేదు, దీపాలవైపు చూస్తున్నారు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆయనకు తన చెవుల సంగతి తెలిసిపోయిందని ఆ ఒక్క చూపుతో ఆవిడకు అర్థమైంది. ముఖంలో రంగు మారింది. వెళ్ళి తలుపు తీసింది.

గుమ్మంలో అమ్మాయి. వెనక వ్యాను డ్రైవరు. వాడి వెనక పక్కింటాయన, "నా స్టూలు..." అంటూ.

అమ్మాయి తల్లిని దాటి లోపలికి చూసింది. దీపాలు ఇంకా నెమ్మదించలేదు. ఆమె చూపు బోర్డు మీదికి, అక్కడి నుంచి బూడిదరంగు వైరు మీదికి పోయింది.

"ఎవరు కలిపారు దాన్ని?"

"నేనే," అన్నారు ఆయన. "కంప్యూటర్ ఇక్కడే ఉంచమ్మా. నీకు ఇంకోటి కొనిస్తా. ఇది... మీ అమ్మకి కావాలి."

అమ్మాయి కళ్ళు ఒక్క క్షణం తడిబారాయి. అయినా మెత్తబడలేదు. "నేను కంప్యూటర్ కోసం రాలేదు నాన్నా," అంది. "అది నువ్వే ఉంచుకో. అమ్మని తీసుకెళ్ళడానికి వచ్చా. చెవులకి మిషన్లు పెట్టించి, నా దగ్గరే ఉంచుకుంటా. అక్కడ ఎవ్వరూ నవ్వరు."

ఆయన భార్యవైపు చూశారు. ఆవిడ మిషను వెనక నుంచి ఒక చేతిసంచి తీస్తోంది. సంచి నిండుగా, జిప్పు వేసి, సిద్ధంగా ఉంది. కత్తెర పడని గుడ్డలు కూడా ఎందుకు తిరిగి ఇచ్చేసిందో ఆయనకు ఇప్పుడు అర్థమైంది. దీపాలు పోయిన ఈ వారమంతా, ఆయన సమ్మె అనుకున్న వారమంతా, ఆవిడ సర్దుకుంటోంది.

వ్యాను డ్రైవరు గడియారం చూసుకున్నాడు. పక్కింటాయన స్టూలు సంగతి మర్చిపోయి గుమ్మం దాకా జరిగాడు. ఇంతమంది ముందు మాట పడటం సూపరింటెండెంట్ గారికి అలవాటు లేదు. ఒక సర్కస్ మాట పడ్డందుకే ఆయన ఆ బోర్డు పీకేశారు.

భార్య సంచి భుజానికి తగిలించుకుని గుమ్మంవైపు నడిచింది. సగం దూరం వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి, ఆయనకు ఎదురుగా, దగ్గరగా వచ్చి నిలబడింది. ఆవిడ ఎప్పుడూ చూసే చూపే చూసింది. పెంపకం అని ఆయన క్యాంటీన్లో గొప్పలు చెప్పుకున్న చూపు. అది ఆయన పెదవుల మీద ఉంది.

"ఇందాక నా వెనకాల నిలబడి ఏదో అన్నారు," అంది. "ఆ అద్దంలో చూశా. దీపాలు తగ్గినప్పుడు మీ మొహం కనబడింది. 'తప్పు' అన్నంతవరకూ తెలిసింది. ఎవరిదో చెప్పేసరికి వెలుగొచ్చేసింది."

సంచి భుజం మీంచి దించలేదు. చూపూ తిప్పలేదు.

"ఎవరిదండీ?"